ఐవీ గడ్డితో నేసిన ఇల్లు

లెనర్డ్ థర్కెటిల్ పెళ్లి చేసుకోలేదు, ఇల్లు చేసుకున్నాడు అనేవారు ఊళ్లో. బ్రాడ్‌మీర్ బడిలో తల నెరిసేదాకా పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషికి మిగిలిన సంసారమల్లా ఆ ఇల్లే. ఓక్ స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య తడికలు అల్లి, మట్టి మెత్తి, పైన గులాబీ రంగు సున్నం పూసి, నెత్తిన గోధుమ గడ్డి కప్పు నేసిన ఇల్లు. ఐదొందల ఏళ్ల నాటిది. ఎవరైనా నాలుగొందలంటే ఆయనకి చుర్రుమనేది.

మేడ మీద గదిలో నేల ఎంత వాలుగా ఉంటుందంటే, తలుపు దగ్గర ఆపిల్ పండు పెడితే దొర్లుకుంటూ పోయి కిటికీ కింద ఆగేది. వచ్చిన ప్రతివాళ్లకీ ఆ ఆట చూపించాల్సిందే. మెట్ల దగ్గర దూలం వాళ్ల నుదుటికి ఠపీమని తగిలితే, "అది ఐదొందల ఏళ్లుగా అక్కడే ఉందండీ, కొత్తగా వచ్చింది మీరు," అని మురిసిపోయేవాడు.

గడ్డి కప్పులున్న ఊళ్లో నిప్పంటే అందరికీ భయమే. లెనర్డ్‌కి ఆ భయం ముదిరి పెత్తనమైంది. పైపు కాల్చుకుంటూ ఆ సందులో ఎవడు నడిచినా బడిపిల్లాణ్ణి కేకేసినట్టు కేకేసేవాడు. అందరికంటే ఆయన నోట్లో ఎక్కువగా నలిగింది ఐవీ గ్యారడ్. కంచె అవతలి ముసలమ్మ. మొగుడు పోయినా రెండు పొలాలు ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. ఏటా ఆకులు రాలే వేళకి తోటలోని ఎండు కొమ్మలూ బంగాళాదుంప తీగలూ ఒక మూల కుప్పపోసి తగలబెట్టేది.

"మిసెస్ గ్యారడ్! గాలి ఎటు వీస్తోందో చూసుకున్నారా?"

"నీ వైపు కాదులే లెనర్డ్. నువ్వు నిక్కర్లేసుకున్న నాటినుంచీ ఇక్కడే కాలుస్తున్నా. నీ ఇల్లు కాలిందా, నీ నిక్కరు కాలిందా?"

సందులో పోయేవాళ్లు నవ్వేవారు. లెనర్డ్ కిటికీ వేసుకునేవాడు.

ఇక ఊరి కొక్కెం సంగతి. చర్చి వసారా గోడకి ఒక పొడుగాటి కర్ర వేలాడుతుంటుంది, చివర ఇనప కొక్కెంతో. ఎక్కడ కప్పు అంటుకున్నా దాంతో మండే గడ్డిని కిందికి లాగేస్తారు. కప్పు పోయినా కింది కొయ్య చట్రం దక్కుతుంది. దానికో కట్టుబాటుంది. ఎవరి నిప్పు వల్ల కొక్కెం గోడ దిగిందో వాళ్లే దాన్ని మళ్లీ ఎక్కించాలి. కాలిన ఇంటికి కొత్త కప్పు నేశాక, ఆ ఇంటి పొయ్యిలో మొదటి నిప్పు వెయ్యకముందు, ఊరంతా చూస్తుండగా. ఎక్కించాక ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు, ఎదురుగా గానీ వెనకాల గానీ. బ్రాడ్‌మీర్‌లో పెళ్లినాటి ప్రమాణాలు తప్పినవాళ్లున్నారేమో గానీ ఈ కట్టుబాటు తప్పినవాళ్లు లేరు.

ఆ ఏడు వసంతంలో పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు ఎప్పట్లాగే పట్నం నుంచి వచ్చాడు, ఇంటింటికీ తిరిగాడు. లెనర్డ్ గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. ఆ మధ్యాహ్నమే పాత ఇళ్లు చూసే సంఘం వాళ్లు వస్తున్నారు. గోడలకి కొత్తగా సున్నం వేయించి రెండు రోజులైనా కాలేదు. మసి రేగి గోడ మీద పడితే ఇంకేమైనా ఉందా! మళ్లీ కబురు చేస్తానన్నాడు. చెయ్యలేదు. సంఘం వాళ్లు ఆపిల్ పండు దొర్లడం చూసి చప్పట్లు కొట్టి వెళ్లారు. ఆ తర్వాత జాక్‌డా కాకులు గొట్టంలో పుల్లలు కూర్చి గూడు పెట్టాయి. పొద్దున్నే వాటి గోల వింటూ, ఇల్లు కళకళలాడుతోందని లెనర్డ్ సంబరపడ్డాడు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం చలి ముందే దిగింది. టీ పెట్టుకుని, ఆ చలికాలానికి మొదటిసారిగా, చలి కాచుకునే పొయ్యిలో కట్టెలు పేర్చి అంటించాడు. కంచె అవతల ఐవీ కుప్ప కూడా అప్పుడే పొగ చిమ్ముతోంది. అది చూసి కేకేద్దామని కిటికీ దాకా వెళ్లాడు కూడా. ఇంతలో గొట్టంలో రైలు పోతున్నట్టు హోరు మొదలైంది.

ఆయన బయటికి పరుగెత్తేసరికి ఇంటి కొప్పు దగ్గర గడ్డి ఎర్రగా పాకుతోంది.

ఊరు ఊరంతా వచ్చింది. పబ్బు నడిపే డోరా ఎప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది. చెరువు నుంచి బకెట్లు చేతులు మారాయి. కప్పులు నేసే రెజ్ ఫిస్క్ కొక్కెం దింపుకొచ్చి, నిచ్చెనెక్కి, తన తండ్రి నేసిన కప్పుని తనే దొంతర్లు దొంతర్లుగా లాగి కింద పారేశాడు. అందరికంటే ముందు లోపలికి దూరింది ఐవీ. లెనర్డ్ పుస్తకాలూ, గోడ గడియారమూ, వాళ్లమ్మ పింగాణీ పళ్లేలూ ఒడిలో వేసుకుని పచ్చిక మీదికి చేర్చింది. కాలిన గడ్డి ముద్ద ఒకటి భుజం మీద పడితే చేత్తో విదిలించుకుని మళ్లీ లోపలికి వెళ్లింది.

పట్నం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి మంట ఆరిపోయింది. ఓక్ చట్రం నిలిచింది. గోడలు నిలిచాయి. నెత్తిన మాత్రం ఆకాశం ఉంది. ఫైరింజన్ పెద్దాయన టోపీ తీసి, "ఎట్లా అంటుకుందండీ?" అని అడిగాడు.

డోరా కంచె అవతల ఇంకా రాజుకుంటున్న కుప్ప వైపు చెయ్యి చూపించింది. "ఇంకెట్లా? అదుగో, అక్కణ్ణించే నిప్పురవ్వ ఎగిరొచ్చి ఉంటుంది. ఈయన ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నాడు. అవునా మాస్టారూ?"

అందరూ ఆయన వైపు చూశారు. ఐవీ కూడా చూసింది. ముఖం నిండా మసి, చేతిలో ఆయన టీ కెటిల్.

లెనర్డ్ తల ఊపాడు.

మాట కూడా కాదు. గడ్డం ఒక అంగుళం కిందికి దిగి పైకి లేచింది, అంతే. ఐవీ చేతిలో కెటిల్ పచ్చిక మీద పెట్టేసి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా చేతులు విరగ! ఎంత పని చేశాను లెనర్డ్! నువ్వు చెప్తానే ఉన్నావు, నేనే వెటకారాలాడాను," అని ఏడ్చింది.

జనం సర్దుకున్నాక లెనర్డ్ ఒక్కడే లోపలికి వెళ్లాడు. పొయ్యిలో కాకిగూడు పుల్లలు సగం కాలి పడున్నాయి. గొట్టం లోంచి రాలిన మసి పెచ్చులు గట్టిగా, నల్లగా మెరుస్తున్నాయి. వాటినన్నిటినీ పారతో ఎత్తి క్యాబేజీ మడిలో పూడ్చిపెట్టాడు. బడిలో ఎన్ని తరాల పిల్లల్ని నిలబెట్టి, "ఎవరు చేశారో వాళ్లే లేచి చెప్పండి," అని అడిగాడో! మట్టిని కాలితో తొక్కి గట్టిపరిచాడు.

డోరా తన పబ్బు మీది గది ఆయనకిచ్చింది. రోజూ ఎవరో ఒకరు వచ్చి పరామర్శించేవారు. "పాపం మాస్టారు, ఒక్క మాట కూడా అనలేదు ఆవిణ్ణి. ఎంత పెద్ద మనసు!" అనుకునేవారు కింద. నేల పలకల సందుల్లోంచి అన్నీ వినపడేవి. దుప్పటి ముసుగు పెట్టినా వినపడేవి.

మూడోనాడు రెజ్ ఫిస్క్ చట్రమంతా తట్టి చూసి వచ్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గర ఎక్కాలు రాక బల్ల ఎక్కినవాడు. ఇప్పుడు ఇళ్లెక్కుతున్నాడు.

"కొయ్య గట్టిదే మాస్టారూ. గడ్డే లేదు. అందరూ ఆ కొత్త కోత యంత్రాలు తెచ్చారు కదా, అవి గడ్డిని నమిలి ఊస్తాయి. కప్పుకి పనికొచ్చే పొడుగు గడ్డి వచ్చే పంట దాకా దొరకదు."

"పైన టార్పాలిన్ కప్పి ఉంచితే?"

"ఈ చలికాలం వానలకా? మట్టి గోడలు నానిపోతాయి. వసంతానికి మీకు మిగిలేది కర్రల గుంజలు. వాటి మీద బీన్స్ తీగలు పాకించుకోవచ్చు."

ఐవీ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ రోజూ వస్తోంది, కూర కూరిన పై రొట్టె ఏదో ఒకటి చేసుకుని. భుజానికి కట్టు కట్టుకుని, ఆ చేత్తోనే పిండి పిసికి మరీ తెస్తోంది. ఆయన తినలేడు, డోరా కుక్కకి పెట్టలేడు. ఒక్కో ముద్దా నీళ్లతో దింపుకుంటున్నాడు.

"నా కొట్లో ఉంది," అంది ఐవీ.

రెజ్ తిరిగి చూశాడు. "అది మీ కప్పుకి కదా దాచుకున్నారు. మీ వెనక వాలు మొత్తం కుళ్లిపోయింది. నెలాఖరుకి నేస్తానని నేనే మాటిచ్చాను."

ఊళ్లో ఎవరికి తెలియదు ఆ గడ్డి సంగతి! ఐవీ మొగుడు వదిలిపోయిన పాత కోత బండిని గుర్రానికి కట్టి, అందరూ నవ్వుతున్నా వినకుండా ఆ పొడుగు గోధుమే వేసి, రెండు పంటల గడ్డి పన మీద పన పేర్చి పెట్టుకుంది.

"నాకు సగం కప్పన్నా ఉంది. ఇతనికి అదీ లేదు, నా పుణ్యమా అని. రేపే బండి కట్టు రెజ్," అంది.

"వద్దు మిసెస్ గ్యారడ్," అన్నాడు లెనర్డ్.

"నోర్మూసుకో లెనర్డ్."

"వద్దండీ, అది మీకు..."

"నా మనసుకి నిద్ర పట్టాలా వద్దా? ఇచ్చుకోనీ."

అప్పుడు చెప్పాలి. ఆ క్షణం కంటే మంచి క్షణం రాదని ఆయనకి తెలుసు. నాలుక మీదికి వచ్చింది కూడా. క్యాబేజీ మడి గుర్తొచ్చింది. రేపు కింద పబ్బులో డోరా ఏమంటుందో వినపడింది. తన ఇల్లు, వాలు నేల, ఆపిల్ పండు, నెత్తిన నల్లటి టార్పాలిన్, ఉబ్బి జారుతున్న మట్టి గోడలు కళ్ల ముందు ఆడాయి. మూడోసారి వద్దనలేదు. మొదటి రెండుసార్లు అన్నది మర్యాదకేనని అప్పుడు తెలిసింది ఆయనకి, తన మీద తనకే రోత పుట్టింది.

అక్టోబరంతా రెజ్ కప్పు నేశాడు. చూరు దగ్గర మొదలుపెట్టి, వరస మీద వరస వేసి, హేజెల్ పుల్లలు వంచి గుచ్చుతూ కొప్పు దాకా వెళ్లాడు. బంగారు పచ్చని కప్పు ఎండలో ధగధగలాడింది. పనలు మోసుకొచ్చేది ఐవీయే. దారిన పోయే బడిపిల్లలు ఆవిడ వెనక చేరి, "అగ్గిపెట్టె ఐవీ! అగ్గిపెట్టె ఐవీ!" అని పాట కట్టారు. ఒకప్పుడైతే లెనర్డ్ ఒక్క చూపుతో వాళ్ల నోళ్లు కట్టేసేవాడు. ఇప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఐవీ తల వంచుకుని పనలు మోస్తూనే ఉంది. చర్చిలో ముందు బెంచీ వదిలేసి వెనక్కి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. తోటలో ఎండు కొమ్మల కుప్ప కాల్చకుండా అలాగే వదిలేసింది, అది వానలకి నల్లబడుతోంది.

పట్నం నుంచి మనిషిని పిలిపించి, ఎవరూ చూడని పూట, లెనర్డ్ గొట్టం శుభ్రం చేయించాడు. అదైనా చేశాడు.

కప్పు పూర్తయిన ఆదివారం, ప్రార్థన ముగిశాక అందరూ వసారా ముందు నిలబడ్డారు. పాదిరి గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. కొక్కెం కర్ర గోడకి ఆనించి ఉంది. లెనర్డ్ జనం మధ్య నిలబడి ఒకే లెక్క వేసుకుంటున్నాడు. ఐవీ దాన్ని ఎక్కించేస్తే ఇక అయిపోయినట్టే. ఈ జన్మలో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆవిడకీ మేలే కదా, నింద అక్కడితో పోతుంది కదా! ఇలా కూడా అనుకోగలిగాడు ఆ మనిషి.

ఐవీ నల్ల కోటు వేసుకుని వచ్చింది. కర్ర ఎత్తింది. కాలిన భుజం సహకరించలేదు. సగం లేచి, కొక్కెం గోడకి గీసుకుంటూ కిందికి జారింది. మళ్లీ ఎత్తింది. పెదవి కొరుక్కుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ సాయం వెళ్లలేదు, వెళ్లకూడదు. మూడోసారి కర్ర చేతిలోంచి జారి రాళ్ల మీద పడింది.

లెనర్డ్ కాళ్లు వాటంతటవే కదిలాయి. కర్ర అందుకున్నాడు.

"చూశావా, ఎంత మంచోడో!" అని ఎవరో గుసగుసలాడారు.

డోరా మాత్రం ముందుకొచ్చింది. "వద్దు మాస్టారూ. జాలి పడ్డారు, బాగానే ఉంది. మీరు ఎక్కిస్తే లెక్కలోకి రాదు. ఎవరి నిప్పో వాళ్లే ఎక్కించాలి. ఆవిడకిచ్చెయ్యండి."

"నాదే," అన్నాడు లెనర్డ్.

"ఏంటి మీది?"

"నిప్పు." బడిలో పిల్లలు ఇలాగే నిలబడేవారు, నేల చూపులు చూస్తూ. "నా పొగగొట్టంలోంచే. వసంతంలో గొట్టం శుభ్రం చేయించలేదు నేను. గోడల సున్నం పాడవుతుందని ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేశాను. లోపల కాకిగూడు ఉంది. కాలిన పుల్లలు తీసి క్యాబేజీ మడిలో పాతిపెట్టాను. మిసెస్ గ్యారడ్ కుప్పకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నాకు ఆ రోజే తెలుసు."

ఆయన కర్ర ఎత్తి మేకులకి తగిలించాడు. చేతులు దించాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎక్కించేశాక ఇక మాట్లాడకూడదు. ఎవరూ మాట్లాడలేదు. పాదిరి గారు టోపీ పెట్టుకున్నారు. డోరా నోరు తెరిచి, మూసుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది. రెజ్ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి ఉమ్మేశాడు, అదైనా గడ్డిలోకే. ఐవీ చర్చి గోడ మీంచి కనిపిస్తున్న ఆ పచ్చటి కప్పుని చాలాసేపు చూసింది. తర్వాత కోటు బొత్తాలు పెట్టుకుని ఇంటి దారి పట్టింది.

లెనర్డ్ రెజ్ వెంటపడ్డాడు. "ఊడదీసి ఆవిడకి ఇచ్చెయ్యి. ఎట్లాగైనా ఇచ్చెయ్యి."

"కోసి, కొట్టి, పుల్లలు గుచ్చి నేసిన గడ్డి మాస్టారూ. ఊడదీస్తే పశువుల కిందికి పనికొస్తుంది, ఇంటి మీదికి రాదు," అన్నాడు రెజ్. ఇంకేదో అనబోయి, కట్టుబాటు గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి వాన మొదలైంది. లెనర్డ్ తన ఇంట్లో, చలిలో కూర్చున్నాడు. పొయ్యి అంటించడానికి చెయ్యి రాలేదు. పైన కొత్త కప్పు మీద వాన చప్పుడే లేదు, అంత దట్టంగా ఉంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక లేచి, తలమీద సంచి కప్పుకుని కంచె దాటాడు.

ఐవీ తలుపు తీసింది. లోపల ఎక్కడో టపటపమని చుక్కలు పడుతున్నాయి.

"తిట్టండి మిసెస్ గ్యారడ్. ఎవరూ ఏమీ అనడం లేదు. మీరైనా తిట్టండి."

"కొక్కెం ఎక్కించావుగా."

"నా ఇంట్లో ఉండండి ఈ చలికాలం. నేను ఇక్కడుంటాను. ఆ కప్పు మీది."

"నేను ఈ ఇంట్లో కాపరానికొచ్చాను, ఇక్కడే ఉంటాను. ఆ వాలు నేల మీద దొర్లడానికి నేనేమన్నా ఆపిల్ పండునా?" అంది. నవ్వలేదు. కాసేపు ఆయన్ని అలాగే గుమ్మంలో తడవనిచ్చింది. "మేడ మీద బకెట్లున్నాయి. నిండుతున్నట్టున్నాయి. భుజం నొప్పితో నేను వాటిని దించలేను."

ఆయన పైకి వెళ్లాడు. మంచం గోడవారకి జరిపి ఉంది. చూరు కింద కుళ్లిన గడ్డి ముద్దలుగా వేలాడుతోంది. పాలబకెట్లు, ఒక పెద్ద సూపు గిన్నె, వాటిలో టీ రంగు నీళ్లు. ఒక్కొక్కటే దించి బయట పారబోశాడు. కిటికీలోంచి తన ఇల్లు కనిపించింది. వాన ఆ కప్పు మీద జారి, చూరు చివరల నుంచి ధారగా పడుతోంది, లోపలికి ఒక్క చుక్క దిగదు. చూడలేక తెర లాగాడు.

కిందికి వచ్చేసరికి ఐవీ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఆయన్ని కూర్చోమనలేదు.

"నీ గొట్టంలో పొగ కనపడట్లేదు," అంది.

"వెయ్యలేదండీ. ఇక వెయ్యను. నాకు ఆ హక్కు..."

"హక్కూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కింద నిప్పు లేకపోతే చెమ్మ పైకెక్కి గడ్డి బూజు పడుతుంది. నువ్వు చలికి చస్తే చావు, నాకనవసరం. ఆ గడ్డి నేను పండించాను లెనర్డ్. రెండేళ్లు. దాన్ని కుళ్లనిచ్చావో, అప్పుడు తిడతాను నిన్ను, కట్టుబాటూ లేదు, ఏమీ లేదు."

లెనర్డ్ తల ఊపాడు. ఊపి, ఆ ఊపిన తలకే సిగ్గుపడి, "అలాగేనండీ, వేస్తాను," అని నోటితో చెప్పాడు.

"వెళ్లి వెయ్యి. పొద్దున బకెట్ల టైముకి రా."

ఆయన వానలో ఇంటికి వెళ్లి, పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని పుల్లలు పేర్చాడు. అగ్గిపుల్ల గీసి, మంట నిలిచేదాకా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ చలికాలమంతా వాన పడిన ప్రతి పూటా ఆయన కంచె దాటి వెళ్లేవాడు. ఎప్పుడైనా ఆలస్యమైతే ఐవీ కిటికీ తీసి, ఊరంతా వినేలా కేకేసేది: "లెనర్డ్! నిండాయి!"